ఒక్కటే సీటు

అమీర్‌పేటలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరుకుతాయని మన ఊళ్ళో తెలియనిదెవరికి? రిపోర్టుతో పాటు వైవాలో చెప్పాల్సిన జవాబులు కూడా ఇస్తారు. డబ్బులిచ్చేది మాత్రం తల్లిదండ్రులమే. "అందరూ అంతేనమ్మా" అని పిల్లలంటే మనమూ ఊరుకుంటాం.

మా అబ్బాయి మెకానికల్ ఆఖరి ఏడాది. వాడికి గ్లైడర్ల పిచ్చి. గ్లైడరంటే ఇంజన్ లేని విమానం. అమెరికాలో ష్వైజర్ అన్నదమ్ములు 1954లో 1-26 అనే గ్లైడర్ తెచ్చారట. (మన ఖైరతాబాద్ గణపయ్య అడుగు విగ్రహంగా మొదలైందీ ఆ ఏడే!) అందులో ఒక్కరే కూర్చోగలరు. తయారైనదీ అమ్మేవారు, ఇంట్లో బిగించుకునే కిట్‌గానూ అమ్మేవారు. గొట్టాల చట్రం వెల్డింగ్ చేసి ఇచ్చేవారు. భాగాలు కూర్చి రివెట్లు కొట్టడం, చట్రానికి గుడ్డ తొడగడం కొన్నవాళ్ళ పని. 300 నుంచి 600 గంటలు పడుతుందని కంపెనీ అంచనా. నా లెక్కలో రోజుకి రెండు గంటల చొప్పున ఐదు నుంచి పది నెలలు. అంతకంటే ఎక్కువే తిరుగుతున్నారు మన పిల్లలు కోచింగులకి.

నాకు నచ్చింది ఆ ఒక్క సీటు. రివెట్ వదులుగా కొడితే, దాన్ని నమ్ముకుని పైకి వెళ్ళాల్సింది కొట్టినవాడే. పక్కవాడి చేత కొట్టించుకుని తన పేరు రాసుకుంటే గాలి ఊరుకోదు.

తల్లిని కదా, ఎగరడమంటే నాకూ దడే. దానికి శిక్షణ కావాలి, డీజీసీఏ అనుమతులు కావాలి. పైగా ఆ కిట్ ఇప్పుడు రాదు, వచ్చినా 40 అడుగుల రెక్కలు మా ఫ్లాటులో ఎక్కడ పెడతాం? కానీ కాలేజీ వర్క్‌షాపులో పడతాయి. ప్రాజెక్టులు కొనడానికి పోసే డబ్బు పదిమందీ కలిపి అలాంటి కిట్ ఒకటి తెప్పించుకుని, ఏడాదంతా చేతులు నల్లబడేలా కట్టమనండి. అది ఎగరకపోయినా నాకు ఫరవాలేదు. ఏ మేకు ఎందుకు అక్కడుందో మాస్టారు అడిగితే చెప్పగలిగితే చాలు.

"దాంతో ఉద్యోగం వస్తుందా?" అన్నారు మావారు. కొన్న ప్రాజెక్టుతో వస్తుందా అంటే జవాబు లేదు.

ఈసారి ప్రాజెక్టుకి పైసా ఇవ్వనని మావాడికి చెప్పేశాను. చిన్న గ్లైడర్ నమూనా అయినా సరే, సొంతంగా చేసుకుంటే కర్రకీ జిగురుకీ ఇస్తానన్నాను. రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం తింటున్నాడు.