పాట ఎవరి మూటలో వెళ్లింది?

ఈ సంచికలో జానపదానికి పెద్దపీట వేద్దామని అనుకోగానే సంపాదకవర్గంలో అందరి నోటా ఒకటే మాట వచ్చింది: మారిషస్ తెలుగువాళ్లను చూసి నేర్చుకోవాలి. ఒప్పుకుంటాం. ఏం నేర్చుకోవాలన్నది మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు.

1834లో మొదలుపెట్టి దాదాపు 5 లక్షల మంది భారతీయులు కూలి ఒప్పందాల మీద పోర్ట్ లూయీ రేవులో దిగారు. ఆప్రవాసీ ఘాట్ పేరుతో 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది ఆ రేవే. అక్కడికి చేరిన మనవాళ్లలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర, గోదావరి తీరాలవాళ్లు. 1843లో కోరంగి నుంచి వెళ్లిన ‘కోరింగా ప్యాకెట్’ ఓడ పేరు అక్కడి తెలుగువాళ్ల చరిత్రలో ఇప్పటికీ వినిపిస్తుంది. చెరకు తోటల్లో చాకిరీ, చుట్టూ క్రియోల్, పక్కింట్లో భోజ్‌పురి. తరాలు గడిచేకొద్దీ ఇంట్లో తెలుగు పలచబడింది. పాట మాత్రం పోలేదు. అప్పన్న పండుగకు పాట కావాలి, అమ్మోరు పండుగకు కావాలి, దీపం చుట్టూ అడుగులేస్తూ చేసే రామభజనానికి మరీ కావాలి. తెలుగులో నాలుగు కబుర్లు చెప్పలేనివాళ్లు కూడా ఆ భజనలో గొంతు కలుపుతారు. 1947లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. (మనకేమో ఉగాది ఏ వారం వచ్చినా దగ్గర్లోని శనివారమే వస్తుంది.)

ఆ దీవిలోనే భోజ్‌పురి ఆడవాళ్ల ‘గీత్ గవాయ్’ 2016లో యునెస్కో జాబితాలో చేరింది. పెళ్లికి ముందు ఇంటి ఆడవాళ్లూ ఇరుగుపొరుగూ చేరి పూజ, పాట, డోలక్, ఆట కలగలిపి చేసే వేడుక అది. అక్కడ పాట ఒక పనిలో భాగం. పాట లేకపోతే ఆ పెళ్లి తంతు ముందుకు సాగదు. రామభజనమూ అంతే. ఫిజీలో మనవాళ్లు 1941లోనే ఆంధ్ర సంగం పెట్టుకున్నారు, కానీ చుట్టూ ఉన్న ఫిజీ హిందీ అక్కడ ఇళ్లలోకీ వచ్చేసింది. సంఘం ఉన్నంత మాత్రాన సరిపోదన్నమాట. మనలాంటి సంఘాలవాళ్లకు ఇది చేదు మాటే.

ఇప్పుడు మన ఊరి సంగతి. మన సభ్యుల్లో ఎక్కువమందిమి పొదిలి, దర్శి, కనిగిరి చుట్టుపక్కలవాళ్లం. వాన మీద ఆధారపడిన నేల. కంది, పొగాకు, పత్తి, మిరప. వాన మొహం చాటేసిన ఏడు సంక్రాంతి దాటగానే ఇళ్లకు తాళాలేసి, ముఠాలు కట్టి, వంట సామానుతో సహా గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్లే కుటుంబాలు మన పక్క వీధిలోనే ఉండేవి. వలస మనతో మొదలు కాలేదు. చేలో సాలు పట్టుకుని కాయ కోస్తూ ఒకామె ఎత్తుకుంటే మిగతా సాళ్లు అందుకునేవి. ఇప్పుడు చాలాచోట్ల కిలోల లెక్కన కూలి. పాడితే చెయ్యి నెమ్మదిస్తుందని భయం. చెట్టు కొమ్మకు తగిలించిన ఫోను సినిమా పాట పాడుతుంది, మనుషులు కోస్తారు.

ఇక్కడే మనం మొహమాటపడే విషయం ఒకటుంది. మారిషస్ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది పాట పాడిన కూలీలే. పాటా వాళ్లతోపాటే ఓడెక్కింది. విమానం ఎక్కిన మనలో చాలామంది ఆ పాటను గట్టు మీద నిలబడి విన్న ఇళ్లవాళ్లం. నాటు వేసినవాళ్లు, కలుపు తీసినవాళ్లు, కాయ కోసినవాళ్లు పాడారు. మన పెద్దలు పని పురమాయించారు. మన ఇళ్లలో పాటలు లేవని కాదు. గొబ్బిపాటలు, లాలిపాటలు, అప్పగింతలు, వియ్యపురాలిని దెప్పిపొడిచే పాటలు మన అమ్మమ్మలకు బోలెడు వచ్చు. వాటిని మాత్రం మనం వేదిక ఎక్కించం. సంక్రాంతి సంబరాల్లో పిల్లలకు మోకాలి పైకి చీరలు కట్టి, చేతికి ప్లాస్టిక్ కొడవళ్లిచ్చి, సినిమా పాటకు నాట్లు వేయిస్తాం. దాని పేరు జానపద నృత్యం, మొదటి బహుమతి కూడా దానికే.

హరి ఆదిశేషువు, బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం గార్లు పోగుచేసి పెట్టకపోతే ఈపాటికి చాలా పాటలు మట్టిలో కలిసేవి. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాల్సిందే. అయినా మన పాటల పుస్తకాల్లో పాట మిగిలింది గానీ పాడిన మనిషి పేరు చాలాచోట్ల మిగల్లేదు. ఆ పద్ధతి మనం కొనసాగించనక్కర్లేదు.

అందుకని ఈ సంచిక నుంచి ఒక శీర్షిక మొదలుపెడుతున్నాం. పొదిలి చుట్టుపక్కల ఊళ్లలో పాట వచ్చినవాళ్లను కలిసి రికార్డు చేయిస్తాం. ఏ పనిలో పాడేవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇప్పుడు ఎవరికైనా నేర్పుతున్నారా, ఇవన్నీ రాసుకుంటాం. పాడినవారు ఒప్పుకుంటేనే వేస్తాం, వాళ్ల పేరుతోనే వేస్తాం. పాడిన పూటకు కూలి తగ్గకుండా డబ్బు ముడుతుంది. సభ్యులు ఈలోగా చేయగలిగింది వేరే ఉంది: ఆదివారం అమ్మకు ఫోన్ చేసినప్పుడు బీపీ, షుగరు అడగడం అయ్యాక ఒక పాట అడగండి. ‘నాకేం వచ్చులే’ అంటుంది. రెండోసారి అడగండి.

వచ్చే సంక్రాంతికి బహుమతుల పోటీ మాని, నిజంగా ముగ్గు వేస్తూ, నిజంగా గొబ్బెమ్మలు పెడుతూ పాడదామని ప్రతిపాదించాం. కార్యవర్గంలో కొందరికి ఇది నచ్చలేదు. ఏడాది పొడుగునా సాధన చేసిన పిల్లలు చిన్నబుచ్చుకుంటారన్నది వాళ్ల మాట. అందులో న్యాయం లేకపోలేదు, అందుకే వాళ్ల ఉత్తరాన్ని లోపలి పేజీల్లో పూర్తిగా వేశాం. చదివి మీ అభిప్రాయం రాయండి. పేడ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు అది కూడా రాయండి.