చచ్చిన గొఱ్ఱె, చవుక మాంసము

వరంగల్లు ప్రాంతమందలి దుగ్గొండి మండలమున, చాపలబండలో 2021 అక్టోబరులో గొఱ్ఱెలు దొమ్మతెగులుచే చచ్చిన వార్త పట్టణవాసులు మఱచియే యుందురు. ఆ తెగులు బీజము మాత్రము మట్టిలో దశాబ్దములు బ్రతుకును. కళేబరమును కోసినచో నెత్తురులోని క్రిములు గాలి సోకి గట్టి బీజములగును. కోసిన చేతిపై నల్లని పుండు లేచును. నొప్పి యుండదు గనుక కాపరి యుపేక్షించును. తొలుతనే పెన్సిలిన్ వంటి మందు పడిన మానును; ఆలసించిన ప్రాణాంతకము.

కోయక లోతుగా పాతిపెట్టుడని పశువైద్యులు చెప్పుదురు. మంచిదే. ఆ జీవమునకు వెల యెవరిత్తురు? అప్పుచేసి మంద కొన్నవాడు నాలుగు రూకలకై కత్తి పట్టినచో వానిని మేము నిందింపజాలము. చవుకయని ఆ మాంసమును కొనువారము మనము కామా? తెగులు తగిలిన పల్లెలలో ఏటేట టీకాలు వేయవలెను. పాతిన ప్రతి జీవమునకు పరిహారము నాటికి నాడే కాపరి చేతికి ముట్టవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము.