కూర్చోనిచ్చినారు సరే, మా చేతి ఉగ్గాని తింటారా?

శింగనమలలో పొద్దున్నే బస్సు దిగితే ముందు ముక్కుకు తగిలేది మిరపకాయ బజ్జీల వాసన. దాని వెనకే ఉగ్గాని. మొగుడు పొయ్యి కాడ, పెండ్లాం బొరుగులు నానేసి పిండుతా, పిల్లోడు గ్లాసులు కడుగుతా ఉంటారు. ఇంటిల్లిపాదీ రెక్కలు ముక్కలు చేసుకుంటే నడిచే హోటళ్ళివి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని ఈ నేలలో, చెనిక్కాయ పంట పోయిన ఏడు కూలోళ్ళకు పొద్దుటి ఆసరా ఈ ప్లేటు ఉగ్గానే.

మా నాయనలకు మాత్రం హోటలంటే వేరే గుర్తు. చూరు కింద బోర్లించిన గ్లాసు. అది నువ్వే తీసుకోవాల, పైనుంచి పోస్తే పట్టుకోవాల, బయట గొంతుక్కూర్చోని తాగాల, కడిగి మళ్ళీ అక్కడే బోర్లించాల. డబ్బులు మాత్రం అందరివీ ఒకటే గల్లాపెట్టెలోకి. మా రూపాయికి లేని మైల మా పెదాలకు ఎట్లొచ్చిందో చెప్పినోడు లేడు.

1950 నుంచి రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం హోటళ్ళ పేరెత్తి మరీ వివక్ష కూడదంది. 1955లో చట్టం వచ్చింది. 1976లో అది పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. హోటల్లోకి రానీకపోయినా, అందరి గ్లాసు మనకియ్యకపోయినా నెల నుంచి ఆరు నెలల జైలు. లైసెన్సు రద్దు చేసే అధికారం కూడా కోర్టుకుంది. ఇన్ని ఉన్నా రెండు గ్లాసులు ఎన్నో ఊళ్ళల్లో దశాబ్దాలు నిలబడినాయి. మేము చూసిన చాలా చోట్ల చివరికి ఆ గ్లాసును తీసింది చట్టం కాదు, కాగితం కప్పు. అందరికీ ఒకే కప్పు, తాగినాక పారెయ్యడం. గ్లాసు పోయింది మంచిదే. గ్లాసు పెట్టించిన బుద్ధి పోయిందా?

పోలేదనడానికి ఒక సంగతి చెప్తాం. మా గేరి నుంచి ఒక కుటుంబం ఈ నియోజకవర్గంలోనే ఒక ఊళ్ళో రోడ్డు మీద హోటలు పెట్టింది. పేరు రాయం. రాస్తే వచ్చే గిరాకీ కూడా పోతుందని వాళ్ళే అన్నారు. ఒక పొద్దున మేము ఆడ బెంచీ మీద కూర్చోనుంటే ఊరి రైతు ఒకాయన వచ్చినాడు.

"అన్నా, ఉగ్గాని వేడిగుంది. పెట్టేదా?" అనింది ఆయమ్మ.

"వద్దులేమ్మా, ఇంటికాడ తినొచ్చినా. టీ ఒగటియ్యి, కప్పులో."

టీ తాగి, బిస్కెట్టు పొట్లం కొనుక్కొని, రోడ్డు దాటి ఎదురు హోటల్లో కూర్చోని ఉగ్గాని తిన్నాడు. మా కండ్ల ముందరే. టీ మరిగింది, బిస్కెట్టు ఫ్యాక్టరీది. ఉగ్గాని అట్లకాదు. నానిన బొరుగుల్ని చేత్తో పిండాల. ఆయన అడ్డం చెప్పింది ఆ చేతికి. అదే చేయి ఆయన చేనులో కలుపు తీసింది, చెనిక్కాయ పీకింది, ఒలిచింది. ఆ నూనెలో బజ్జీ కాలితే అంటు లేదు. అదే చేయి ప్లేటు అందిస్తే అంటు!

ఒకడు మా కాడ తినకపోతే పట్టే సెక్షను ఏ చట్టంలోనూ లేదు, ఉండబోదు కూడా. కానీ 'ఆ హోటలుకు ఎవురూ పోవద్దు' అని ఊరు కట్టు కడితే అది సాంఘిక, ఆర్థిక బహిష్కారం. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణతో అది అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఈ తేడా మన కార్యకర్తలు తెలుసుకోవాల. మొదటిదానికి ఉద్యమం, రెండోదానికి కేసు.

అమెరికాలో 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లోళ్ళ బల్ల కాడ కూర్చోని కాఫీ అడిగినారు. ఇయ్యకపోయినా లేవలేదు. జులైలో ఆ బల్ల అందరిదీ అయింది. కూర్చునే హక్కు కోసం ఆ పోరాటం. మాకిప్పుడు దాని తర్వాతి మెట్టు కావాల, వడ్డించే హక్కు. బడుల్లో మధ్యాహ్న భోజనం వండేదానికి దళితులకు ప్రాధాన్యమియ్యాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది ఊరికే కాదు. కులం గిన్నెలోనే దాక్కోలేదు, గరిటె పట్టిన చేతిని కూడా చూస్తుంది.

శింగనమల మా రిజర్వు నియోజకవర్గం. అసెంబ్లీ కుర్చీకి రిజర్వేషనుంది, హోటలు బెంచీకి చట్టముంది. మా చేతి ఉగ్గానికి ఏముంది?

ఊరినే తిట్టి చేతులు దులుపుకోం. మనలో నాలుగు రూపాయలు కండ్లజూసినోళ్ళు ఏ హోటలుకు పోతున్నారు? ఎదురు హోటలుకే. ఆడ కూర్చుంటే గౌరవమంట. మాదిగోళ్ళ హోటలని మాలోళ్ళు, మాలోళ్ళ హోటలని మాదిగోళ్ళు మొగం తిప్పుకుంటే ఆ రైతును అడిగే నోరు మనకెక్కడిది?

అందుకని మేము అడిగేది మూడే. ప్రతి నెలా 30న పౌరహక్కుల దినమని ఊళ్ళకొచ్చే అధికారులు ఉపన్యాసానికి ముందు దళితుల హోటల్లో అందరెదుటా కూర్చోని టిఫిను తినాల. ఎన్నికలప్పుడు ఫోటో కోసం మా ఇండ్లల్లో తినే నాయకులు ఎన్నికలు లేని రోజు వచ్చి, డబ్బులిచ్చి తినాల. మన సంఘాల మీటింగులకు టీ, టిఫిను మన హోటళ్ళ నుంచే రావాల. పార్శిలు వద్దు, బెంచీ మీద కూర్చోని తినాల.

ఆ హోటలు ఇంకా నడుస్తోంది. మూసుకుంటే నష్టం ఒక్క ఇంటిది కాదు. రేపు హోటలు పెట్టాలనుకునే మన పిల్లోళ్ళందరి ధైర్యమూ మూసుకుంటుంది. పొద్దున ఆరుకే పొయ్యి ముట్టిస్తారు. పోయి కూర్చోండి.