తనిఖీ వద్దన్నది ఎవరి కోసం?

అమెరికా న్యాయశాఖ, తుపాకుల నియంత్రణ చూసే ఏటీఎఫ్ కలిసి 2025 ఏప్రిల్ 7న చేసిన ప్రకటన మామూలు పాలనా నిర్ణయం కాదు. తెలిసి తప్పు చేసిన తుపాకీ డీలర్ల లైసెన్సు రద్దు చేసే కఠిన విధానానికి అది మంగళం పాడింది. గన్ షోలలో, ఆన్‌లైన్‌లో లాభం కోసం తుపాకులు అమ్మేవారు లైసెన్సు తీసుకోవాలన్న 2024 నాటి నిబంధనను పునఃసమీక్షకు పెట్టింది. అది ఎత్తివేతకు తొలిమెట్టని ట్రంప్ ఫిబ్రవరి 7 నాటి ఉత్తర్వు చదివినవారికి తెలుసు.

చట్టానికి కట్టుబడి ఉండే తుపాకీ యజమానులను పాత ప్రభుత్వం వేధించిందని అటార్నీ జనరల్ పామ్ బాండీ సమర్థించుకున్నారు. ఇంతకన్నా పచ్చి అబద్ధం ఉండదు. రద్దయిన విధానం కింద లైసెన్సు పోయేది ఎవరికి? అనర్హుడని తెలిసీ తుపాకీ అమ్మినవారికి, కొనేవారి నేరచరిత్ర తనిఖీని కావాలని ఎగ్గొట్టినవారికి, రికార్డులు తారుమారు చేసినవారికి, తనిఖీ అధికారులను గడప తొక్కనివ్వనివారికి. వీళ్లా చట్టానికి కట్టుబడినవారు?

గన్ షోల విషయంలో ఈ వాదన మరీ అన్యాయం. అక్కడ ఒక బల్ల వెనక లైసెన్సున్న డీలరు ఉంటాడు. కొనేవాడు ఫారం నింపాలి, ఎఫ్‌బీఐ వ్యవస్థలో అతని వివరాలు సరిచూడాలి. చాలా వరకు నిమిషాల్లో జవాబొస్తుంది. పక్క బల్ల మీద, సొంత తుపాకులే అమ్ముకుంటున్నానని చెప్పే మనిషి దగ్గర, చాలా రాష్ట్రాల్లో ఇవేవీ అక్కర్లేదు. డబ్బిచ్చి పట్టుకుపోవచ్చు. ఆ కొనుగోలుదారు నేరస్థుడు కాడనడానికి అతని నోటిమాట తప్ప ఆధారం లేదు. ఎవరు మంచివారో తేల్చే ఏకైక పద్ధతిని అడ్డుకుంటూ, మంచివారిని కాపాడుతున్నామని చెప్పడం ప్రజలను మోసగించడమే. ఫారాలు నింపించే డీలరు తనిఖీ లేని పక్క బల్ల వల్ల బేరం పోగొట్టుకుంటాడు. అతనిపై ఈ ప్రభుత్వానికి జాలి లేదేం?

కొలంబైన్ హైస్కూల్లో 1999లో పన్నెండు మంది విద్యార్థులను, ఒక టీచరును చంపిన నాలుగు తుపాకుల్లో మూడు డెన్వర్ దగ్గరి గన్ షోలో కొన్నవి. కొనేనాటికి హంతకులిద్దరూ మైనర్లు కాబట్టి పద్దెనిమిదేళ్లు నిండిన స్నేహితురాలు వారి కోసం కొన్నది. తనిఖీ ఉండి ఉంటే కొనేదాన్ని కానని ఆమే తర్వాత చెప్పింది. మన తెలుగు కుటుంబాలు వేలల్లో స్థిరపడిన టెక్సాస్‌లో, 2019 ఆగస్టు 31న మిడ్‌ల్యాండ్-ఒడెస్సాలో ఏడుగురిని చంపినవాడు 2014లో దుకాణంలో తనిఖీ దగ్గరే ఆగిపోయాడు. తర్వాత లైసెన్సు లేని వ్యక్తి దగ్గర రైఫిల్ కొన్నాడు. తనిఖీ తన పని చేసింది. దాన్ని దాటే దారిని చట్టమే తెరిచి ఉంచింది. ఆ దారి మూయడానికే 2022లో ఉభయపక్షాలూ చట్టం సవరించాయి. రాసినవారిలో టెక్సాస్ రిపబ్లికన్ సెనేటర్ జాన్ కార్నిన్ ఉన్నారు. తాత ఇచ్చిన తుపాకీ అమ్ముకునేవాడిని ఆ చట్టమూ ముట్టుకోలేదు, 2024 నిబంధనా ముట్టుకోలేదు.

నేరాలకు వాడిన తుపాకీని గన్ షోలో తెచ్చుకున్నామన్న ఖైదీలు ఒక శాతం లోపేనన్నది నిజం. కానీ వీధిలో అమ్మినవాడు ఎక్కడ కొన్నాడో ఆ లెక్క చెప్పదు. 1996-98 మధ్య దర్యాప్తుల్లో దాదాపు 26,000 అక్రమ రవాణా తుపాకులకు గన్ షోలతో సంబంధం ఉందని ఏటీఎఫ్ 2000లోనే నివేదించింది. ఏటీఎఫ్ అతి చేయలేదనీ అనం. 2005లో రిచ్‌మండ్ గన్ షోలలో కొనుగోలుదారుల ఇళ్లకు పోలీసులను పంపి ఆరా తీయించడం తప్పు. 2024 మార్చిలో లిటిల్ రాక్‌లో తెల్లవారుజాము సోదాలో ఒక మనిషి ప్రాణం పోవడం ఘోరం. దానికి మార్చాల్సింది సోదా తీరును, నిబంధనను కాదు.

తనిఖీల పేరుతో తుపాకీ యజమానుల జాబితా తయారుచేస్తారన్న భయమూ నిరాధారం. తుపాకుల కేంద్ర రిజిస్ట్రీని 1986 చట్టమే నిషేధించింది, తనిఖీలో నెగ్గినవారి వివరాలు 24 గంటల్లో చెరిపేయాలి. గన్ షోలలో తనిఖీని కొలరాడో ప్రజలు 2000లో 70 శాతం ఓట్లతో తప్పనిసరి చేసుకున్నారు. అక్కడ గన్ షోలు మూతపడలేదు. 2024 నిబంధనను ముట్టుకోకూడదు. 54 ఓట్లొచ్చినా కావాల్సిన 60 రాక సెనేట్‌లో 2013 ఏప్రిల్‌లో వీగిపోయిన తనిఖీల బిల్లును మళ్లీ తేవాలి.