మన ఊరి పటం మన పిల్లలే గీయాలి

రామగిరి బంగారు గని 2001లో మూతపడింది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో కార్లు బయటికొచ్చాయి. గని మూస్తే ఆ ఊరేం కావాలి? ఫ్యాక్టరీ వస్తే చుట్టుపక్కల పల్లెలేం కావాలి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతికే చదువు ఒకటుంది. దాని పేరు పట్టణ ప్రణాళిక. మన ఇళ్లలో ఆ పేరే వినపడదు. ఇంటర్ పాసైన పిల్లల్ని ఇంజనీరింగా, మెడిసినా అని అడుగుతాం. అంతటితో మన లెక్క అయిపోతుంది.

రోడ్డు ఎంత వెడల్పుండాలి, మురుగునీళ్లు ఎటు పోవాలి, ఏ భూమిలో ఇళ్లు కట్టొచ్చు, ఏ వంకను ముట్టుకోకూడదు అని తేల్చేది ప్లానర్ గీసే పటమే. 2024 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం శివారు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. కరువు సీమలో వరదేమిటని అందరూ నోరెళ్లబెట్టారు. వాగుకు తన దారి గుర్తుంది. మరిచిపోయింది మనమే.

పట్టణ ప్రణాళిక మున్సిపాలిటీల పని అని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. ఆ జాబితాలో మొదటి అంశమే అది. మరి ఆ పని చేసే మనుషులేరీ? దేశంలోని 7,933 పట్టణాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదని 2021లో నీతి ఆయోగ్ తేల్చింది. రాష్ట్రాల ప్లానింగ్ శాఖలకు 12 వేల మందికి పైగా ప్లానర్లు కావాలి. మంజూరైన పోస్టులు 4 వేలు కూడా లేవు. వాటిలోనూ దాదాపు సగం ఖాళీ. అమరావతి పటం గీయడానికి 2015లో సింగపూర్ సంస్థలు వచ్చాయి. ధర్మవరం మగ్గాల వీధులకు, హిందూపురం నీళ్ల కష్టాలకు ఏ సింగపూరూ రాదు. ఆ వీధుల్లో పెరిగిన పిల్లలే రావాలి.

దారి ఎటని విద్యార్థులు అడుగుతున్నారు. ఇంటర్‌లో లెక్కలు చదివితే చాలు, జేఈఈ మెయిన్‌లో బి.ప్లానింగ్ పేపరు రాయొచ్చు. విజయవాడలో 2008లో పెట్టిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో నాలుగేళ్ల కోర్సుంది. సివిల్ ఇంజనీరింగ్ చేసినోళ్లు ఎం.ప్లానింగ్‌కు పోవచ్చు. ఎం.ఎ.లో ఎకనామిక్స్, సోషియాలజీ, జాగ్రఫీ చదివినోళ్లకూ ఆ తలుపు తెరిచే ఉంది. 2019లో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు ప్లానింగ్ కార్యదర్శి పోస్టులకు సివిల్ డిప్లొమా వాళ్లు కూడా అర్హులయ్యారు.

సీటు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. సెలవుల్లో మీ ఊరి చెరువు, దాని వంకలు, కాలువలు నడిచి చూడండి. ఎక్కడ పూడ్చారో, ఎక్కడ ప్లాట్లు వేశారో రాసుకోండి. ముసలోళ్లను అడగండి, నీళ్లు ఏ దారిన వచ్చేవో చెప్తారు. ఇస్రో వాళ్ల భువన్ పటాలు, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఆ పటం గీయండి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టినప్పుడు అభ్యంతరాలకు గడువిస్తారు. రియల్ ఎస్టేట్ వాళ్లు ఆ గడువు మరిచిపోరు. మరిచిపోయేది మనమే. ఆ రోజు మీ పటం పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు పోండి. మీ ఉద్యోగానికి మొదటి మెట్టు అదే.

ఈ దారి పూలబాట అని మేము అబద్ధం చెప్పం. పోస్టులు ఖాళీగా ఉండటం వేరు, నోటిఫికేషన్ రావడం వేరు. ప్రైవేటు కొలువు కావాలంటే బెంగళూరో హైదరాబాదో పోవాల్సి రావచ్చు. అందుకే చదవమని పిల్లలకు చెప్పి మనం ఊరుకుంటే చాలదు. ఖాళీలు నింపమని ఉద్యోగ సంఘాలు అడగాలి. కడపలో 2020లో పెట్టిన ఆర్కిటెక్చర్ విశ్వవిద్యాలయంలో ప్లానింగ్ చదువు గట్టిగా నిలబడాలని విద్యార్థి సంఘాలు పట్టుబట్టాలి.

నీళ్లలో వాటా, కొలువుల్లో వాటా అడుగుతూనే ఉన్నాం. పటం గీసే చేతుల్లో కూడా మన వాటా అడగాలి. నీళ్లు ఎటు పోవాలో, కొలువులు ఎక్కడ పుట్టాలో ముందుగా గీసేది ఆ పటం మీదే.