పెరటి వసంతం

వసంతం ఎవరి ఆహ్వానం కోసమూ నిరీక్షించదు. మాఘం ముగిసి ఫాల్గుణం ప్రవేశించగానే వేపచెట్టు పండుటాకులను రాల్చి లేత చిగుళ్ళను తొడుగుతుంది. మామిడి పూత పిందె కట్టడం మొదలవుతుంది. ఏ కొమ్మ చాటునో కోయిల గొంతు విప్పుతుంది. కావ్యానికి అష్టాదశ వర్ణనలు కావాలని చెప్పిన ఆలంకారికులు వాటిలో ఋతువర్ణనకు స్థానం కల్పించారు. ఋతువును చూడలేనివాడు లోకాన్ని చూడలేడన్న ఎరుకయే అందుకు కారణం కావచ్చు. అయితే ఈనాటి జూనియర్ కళాశాల విద్యార్థికి వసంతమంటే పరీక్షల కాలం. హాల్ టికెట్టు, ప్రశ్నపత్రం, ముదురుతున్న ఎండ - ఈ మూడింటి నడుమ ఋతువు వచ్చిన జాడ తెలియదు, వెళ్ళిన జాడా తెలియదు.

ఆ విద్యార్థి ఇంట ఏదో ఒక ఫోను ఉంటుంది; అందులో కెమెరా ఉంటుంది. దానితో రోజుకు ఒక పువ్వునో, ఒక పిట్టనో శ్రద్ధగా చూసి చిత్రించే అలవాటును కొందరు కాలక్షేపమని కొట్టివేస్తారు. అది సరియైన అభిప్రాయం కాదు. అది కంటికి చదువు. కోయకుండా పువ్వును, పట్టకుండా పిట్టను తనదిగా చేసుకొనే విద్య.

ఈ విద్యకు దూరప్రాంతాలకు ప్రయాణం కట్టనక్కరలేదు. పూర్వపు వరంగల్లు జిల్లా నుండి ప్రధానంగా రూపుదిద్దుకొన్న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలనే తీసుకొంటే, ఒక్కొక్కచోట వసంతం ఒక్కొక్క తీరున కనిపిస్తుంది. జనగామ ప్రాంతం మెట్టభూముల సీమ. అక్కడి చేనిగట్ల మీద తంగేడు పొదలు, విద్యుత్ తీగల మీద పాలపిట్టలు, చెరువు కట్టల మీద కానుగ చిగుళ్ళు కనువిందు చేస్తాయి. పోతన స్వగ్రామంగా ప్రసిద్ధికెక్కిన బమ్మెర ఆ జిల్లాలోనిదే. మహబూబాబాద్‌ను ప్రజలు నేటికీ మానుకోట అనే పిలుస్తారు. ‘మ్రానుకోట’ కాలక్రమంలో మానుకోట అయినదని చెబుతారు. మ్రాను అంటే చెట్టు. చెట్ల కోట అని పేరు పొందిన ఆ సీమలో ఆకులన్నీ రాలిన మోదుగ చెట్టు నిలువెల్లా నిప్పుకణికల వలె పూస్తుంది. వంకర తిరిగిన ఆ పూరేకు చిలుక ముక్కును పోలి ఉండటం వల్ల సంస్కృతంలో దానికి కింశుకమన్న పేరు వచ్చింది. ‘ఇది చిలుకయా’ అన్న సందేహమే ఆ పేరులోని అర్థమని పెద్దలు వివరిస్తారు. హోలీ పండుగకు ఆ పూలనుండే రంగు తీస్తారు. ఇక భూపాలపల్లి బొగ్గు గనుల సీమ. గనులను ఆనుకొనియే అడవులున్నాయి. చైత్రమాసపు వేకువలో ఇప్పచెట్ల కింద రాలిన పూలు నేలను కప్పివేస్తాయి. వాటిని ఏరుకొనడానికి గిరిజన కుటుంబాలు తెల్లవారక ముందే బయలుదేరుతాయి.

కంటికి కనిపించిన ప్రాణిని బొమ్మగా నిలుపుకోవాలన్న కోరిక ఈ నేలకు కొత్తది కాదు. భూపాలపల్లి జిల్లాలో రేగొండ సమీపాన ఉన్న పాండవుల గుట్టల రాతి గోడల మీద ఆదిమానవులు రంగులతో గీసిన చిత్రాలున్నాయి. అడవిదున్న, జింక, పులి, చిరుత వంటి జంతువులు అందులో కనిపిస్తాయి. ఆ చిత్రకారుల పేర్లు ఎవరికీ తెలియవు. కాని వారు తమ చుట్టూ ఉన్న ప్రాణులను ఎంత నిశితంగా చూశారో ఆ రాళ్ళే చెబుతున్నాయి.

అదే ప్రాంతానికి చెందిన మరొక చిత్రం వేరొక కథను చెబుతుంది. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ హైదరాబాదు సంస్థానానికి వచ్చి, మహబూబాబాదుకు చేరువలోని నెక్కొండ అడవులలో వేటాడాడు. చంపిన పులి ముందు కర్జన్ దంపతులు నిలిచిన ఛాయాచిత్రం లోకప్రసిద్ధమైనది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ పేరుతో అది నేటికీ నిలిచియున్నది. చిత్రకళగా అది గొప్పదే. కాని ఆ చిత్రంలోనికి రావడానికి పులి ప్రాణం విడువవలసి వచ్చింది. ఆనాడు తుపాకి ముందు నడిచింది, కెమెరా వెనుక నడిచింది. ఈనాడు తుపాకి లేకుండానే కెమెరా నడవగలదు. నూరేళ్ళకు పైబడిన కాలంలో మనిషి చూపులో వచ్చిన ఈ మార్పును చిన్నదిగా భావించరాదు.

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ జీవితంలోనూ ఇటువంటి మార్పే కనిపిస్తుంది. బాల్యంలో ఆయన బొమ్మ తుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపుపచ్చని మచ్చ ఉన్నది. అది ఏ జాతిదో తెలుసుకోగోరి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తలుపు తట్టాడు. ఆ ప్రశ్నయే ఆయన జీవితానికి దారి చూపింది. తరువాతి కాలంలో, 1931లో, ఆయన హైదరాబాదు సంస్థానంలోని పక్షులను సర్వేక్షించాడు. ప్రశ్న పుట్టడానికి పిచ్చుక చావనక్కరలేదని ఈనాటి విద్యార్థికి తెలుసు. దాని గొంతు మీది మచ్చను ఫోనులోని చిత్రమే చూపగలదు.

చూడటమన్నది ఎంత లోతైన విద్యయో ప్రాచీన కవులకు బాగుగా తెలుసు. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు ఒక వేకువను వర్ణించాడు. కాలువలలో బాతులు తలలను రెక్కలలో దూర్చుకొని నిద్రిస్తున్నాయి. తలారులు వాటిని చూసి, స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన బట్టలని భ్రమించి, తీసి ఇవ్వడానికి నీటిలోనికి దిగుతారు. బాతులు ఉలికిపడి పారిపోతాయి. పైరుకు కావలి ఉన్న స్త్రీలు నవ్వుతారు. ఒక చక్రవర్తి బాతు నిద్రించే తీరును ఇంత శ్రద్ధగా గమనించాడన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం. హంసలను, చక్రవాకాలను వర్ణించిన కవులు ఎందరో ఉన్నారు. ఊరి కాలువలోని బాతులో కూడా కావ్యవస్తువును చూడగలగడం రాయల ప్రత్యేకత. నిత్యం కనిపించేదానిలో నూతనత్వాన్ని దర్శించడమే పెరటి ఛాయాచిత్రకళకు కూడా మూలసూత్రం.

ఆ సూత్రం ఎట్లా పనిచేస్తుందో తేనెపిట్ట ఉదాహరణతో తెలుసుకోవచ్చు. మందారం మీద వాలే ఈ చిన్న పిట్టను అందరూ చూస్తారు. ఒకే చెట్టు దగ్గర నెలల తరబడి దాని చిత్రాలు తీసినవారికి మాత్రం ఒక వింత బయటపడుతుంది. మిగిలిన కాలంలో గోధుమవన్నె వీపు, లేతపసుపు పొట్ట, గొంతు నుండి కిందికి జారిన ఒక నల్లని చారతో సాదాగా ఉండే మగపిట్ట, వసంతం వచ్చేసరికి మెరిసే నీలి నలుపు రంగును ధరిస్తుంది. రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచకపోతే అవి రెండు వేరు జాతులని భ్రమపడటం సహజం. కోయిల విషయమూ అంతే. నల్లగా ఉండి ఎర్రని కన్నులతో కూసేది మగకోయిల. గోధుమ రంగు మీద తెల్లని చుక్కలతో ఉండే ఆడకోయిలను చూసి, అది కోయిలయేనని గుర్తించేవారు అరుదు. కవిసమయాలలో వందలసార్లు కోయిలను చదివిన విద్యార్థి ఆడకోయిలను ఒక్కసారైనా చూడకపోవడం చదువులోని లోపమే.

ఈ అలవాటు మీద కొన్ని ఆక్షేపణలున్నాయి. మొదటిది ఖర్చు. పొడవైన కటకాలున్న కెమెరాలు లక్షల రూపాయల వెల పలుకుతాయని, ఇది సంపన్నుల వినోదమని కొందరంటారు. దూరాన ఉన్న పులికి అట్టి పరికరం కావాలి, పువ్వుకు అక్కరలేదు. పువ్వు ఎగిరిపోదు. కటకాన్ని మెత్తని గుడ్డతో తుడిచి, పువ్వు ఎత్తుకు వంగి, ఉదయపు లేత వెలుగులో తీస్తే సాధారణమైన ఫోనులో కూడా మంచి చిత్రం వస్తుంది. గోడ మీద మట్టిమూకుడులో నీళ్ళు పెట్టి, కిటికీ లోపల నిశ్శబ్దంగా కూర్చుంటే గోరింకలు, పికిలిపిట్టలు వాటంతట అవే వస్తాయి. అక్కడ కావలసినది ధనం కాదు, ఓర్పు.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. తెర మీది బొమ్మను చూస్తూ మనిషి ఎదుట ఉన్న సత్యాన్ని మరచిపోతాడని, పదిమంది మెప్పు కోసమే చిత్రాలు తీస్తాడని పెద్దలు మందలిస్తారు. ఆ మందలింపులో న్యాయమున్నది. కాబట్టి ముందు కన్ను చూడాలి, ఆ తరువాతనే కెమెరా చూడాలి. పిట్ట ఏమి తింటున్నది, ఎటు చూస్తున్నది, ఏ కొమ్మను ఎంచుకొన్నది అని గమనించినవాని చిత్రంలో ఆ గమనింపు కనిపిస్తుంది. గమనింపు లేని చిత్రాలు వేయి ఉన్నా అవి ఫోనులో చోటును నింపుతాయే గాని మనసును నింపవు.

ఇంతకూ ఈ చిత్రాల వల్ల చూసేవానికి ఆనందమే తప్ప పిట్టకు ప్రయోజనమేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం పాలపిట్ట చెబుతుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దానిని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. దసరా నాడు పాలపిట్టను చూడటం శుభమని ఈ ప్రాంత ప్రజల నమ్మకం. ఈ మూడు జిల్లాలు ఏర్పడిన 2016 అక్టోబరు 11వ తేదీ కూడా దసరా పండుగ దినమే. పొలం గట్టుకు వెళ్ళి, ఎగిరే పిట్ట రెక్కలలోని నీలాన్ని చూసి రావడం ఆ ఆచారంలోని అందం. కాని కొన్నిచోట్ల పిట్టను పట్టి, పంజరంలో పెట్టి, పైకం తీసుకొని చూపించే దురాచారం తలయెత్తింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనిని నేరంగా పరిగణిస్తుంది. శుభం కోసం చూసే పక్షికి ఆ చూపే అశుభమైతే అది ఆచారమనిపించుకోదు.

పంజరం కంటికి కనిపించే కీడు. కంటికి తెలియకుండా జరిగే కీడు మరొకటి ఉన్నది. దాదాపు ముప్ఫై వేలమంది పక్షి పరిశీలకులు అందించిన వివరాల ఆధారంగా 2023లో ‘భారతదేశ పక్షుల స్థితి’ అన్న నివేదిక వెలువడినది. అందులో 942 జాతులను పరిశీలించారు. పాలపిట్ట సంఖ్య దేశంలో తగ్గుతున్నదని, దాని స్థితిని అంతర్జాతీయ స్థాయిలో తిరిగి అంచనా వేయాలని ఆ నివేదిక సూచించింది. 2020లో వచ్చిన మొదటి నివేదిక మరొక విషయాన్ని తెలిపింది. అంతరించిపోతున్నదని అందరూ చింతించే ఊరపిచ్చుక పెద్ద నగరాలలో తగ్గినా, దేశం మొత్తం మీద దాదాపు స్థిరంగానే ఉన్నది. లోకులు దేనికోసం దుఃఖించారో అది నిలకడగా ఉన్నది; దేనిని నిత్యం తీగల మీద చూస్తూ క్షేమంగా ఉన్నదని తలచారో అది తరిగిపోతున్నది. వినికిడికీ పరిశీలనకూ ఉన్న తేడా ఇదే. ఈ తేడాను బయటపెట్టినవారిలో శాస్త్రవేత్తలతోపాటు, తమ ఊరిలో చూసిన పిట్ట పేరును, తేదీని, స్థలాన్ని నమోదు చేసిన సామాన్యులు వేలకొలదిగా ఉన్నారు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే పెరటి పక్షుల గణనలో భారతదేశం 2013 నుండి పాల్గొంటున్నది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలిచి, కనిపించిన పక్షులను లెక్కించగలిగిన విద్యార్థి ఎవరైనా అందులో చేరవచ్చు. తేదీ, స్థలం తెలిసిన చిత్రం ఆ లెక్కకు సాక్ష్యమవుతుంది.

అయితే సాక్ష్యం కోసం ప్రాణికి హాని చేయరాదు. గూటిలోని పిల్లల చిత్రం కోసం కొమ్మలను వంచితే తల్లిపిట్ట గూటిని విడిచిపెట్టవచ్చు. కాకి కన్ను పిల్లల మీద పడవచ్చు. ఫోనులో కూతను వినిపించి పక్షిని రప్పించడం, ఎగిరే బొమ్మ కోసం రాయి విసరడం, పువ్వును కోసి మంచి వెలుగులో పెట్టడం వంటివన్నీ వేటకు మారురూపాలే. నెక్కొండ అడవిలో తుపాకి పట్టిన చేతికీ, గూటి మీది కొమ్మను విరిచే చేతికీ పరిమాణంలోనే భేదం ఉన్నది.

కాబట్టి ఈ వసంతంలో విద్యార్థి చేయదగిన పని చాలా చిన్నది. తన ఇంటి దగ్గరి ఒక చెట్టును ఎంచుకొని, వారానికొకసారి ఒకే చోట నిలిచి దాని చిత్రం తీయాలి. తొలి చిగురు ఏనాడు కనిపించినది, తొలి పువ్వు ఏనాడు విచ్చినది, ఏ పిట్ట వచ్చి వాలినది అన్న వివరాలను నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. తెలుగు పేరు తెలియకపోతే ఇంటిలోని పెద్దలను అడగాలి. పొలంలో, అడవిలో జీవితం గడిపిన తాతలకు, అవ్వలకు తెలిసిన పేర్లు ఎన్నో నిఘంటువులకు ఎక్కలేదు. ఆ పేర్లు వారితోనే వెళ్ళిపోకుండా నిలుపుకొనే బాధ్యత ఈ తరానిదే. పరీక్షల చదువుకు దీనివల్ల లోటు రాదు. పుస్తకం మూసి పది నిమిషాలు పెరటిలో నిలిచినవాని కన్ను తిరిగి పుస్తకం మీదికి తేటగా వస్తుంది.

పదేళ్ళ తరువాత ఆ నోటుపుస్తకాన్ని తెరిచినప్పుడు అందులో చిత్రాలతోపాటు ఒక ఊరి వసంతాల చరిత్ర ఉంటుంది. ఆ చరిత్రలోని పాలపిట్ట అప్పటికీ తీగ మీద వాలుతూ ఉండాలన్నదే కోరదగినది. అందుకు తొలి మెట్టు, అది ఈనాడు అక్కడ ఉన్నదని తలయెత్తి చూడటం.