వేగంగా కాపీ అయితే ఎదిగినట్టేనా?

అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో సాల్ స్పీగెల్మన్ బృందం చేసిన ప్రయోగం ఒకటుంది, 1967లో అచ్చయింది. బాక్టీరియాకు సోకే ఒక వైరస్ ఆర్‌ఎన్‌ఏని, దాన్ని కాపీ చేసే ఎంజైమ్‌ని, కావలసిన ముడిసరుకుని ఒక ట్యూబులో కలిపారు. కాసేపయ్యాక అందులోంచి కొంచెం తీసి కొత్త ట్యూబులో వేశారు. అక్కణ్నుంచి ఇంకో ట్యూబు. అలా 74 సార్లు.

చివరికి ఆ ఆర్‌ఎన్‌ఏ తన పొడవులో 83 శాతం వదిలించుకుంది! ఎంజైమ్ ఎలాగూ ఫ్రీగా దొరుకుతోంది, సోకడానికి బాక్టీరియా లేదు. ఇంక జన్యువులు మోయడం దండగ కదా. సీనియర్ ల్యాబ్ రికార్డు చేతులు మారేకొద్దీ థియరీ ఎగిరిపోయి రీడింగులే మిగిలినట్టన్నమాట. దానికి స్పీగెల్మన్ రాక్షసి అని పేరు పెట్టారు గానీ, నిజానికి బక్కప్రాణి.

ఫిట్‌నెస్ ఫంక్షన్ రాసినవాళ్లెవరికీ ఇది వింత కాదు. అడిగింది వేగం, వచ్చింది వేగం.

మరి సంక్లిష్టత ఎలా వస్తుంది? నాకు నచ్చిన జవాబు టోక్యో నుంచి వచ్చింది. మిజుఉచి, ఇచిహాషి బృందం 2022లో ప్రచురించిన ప్రయోగంలో ఎంజైమ్ బయటినుంచి రాదు. దాన్ని తయారుచేసే జన్యువుని ఆర్‌ఎన్‌ఏనే మోయాలి. అదంతా నూనెలో తేలే చిన్నచిన్న నీటిబొట్లలో జరుగుతుంది. కొన్ని ఆర్‌ఎన్‌ఏలు ఆ జన్యువుని పారేసి, పక్కవాడి ఎంజైమ్‌తో బతికేయడం మొదలుపెట్టాయి. మెస్ బిల్లు కట్టకుండా తినే బాపతు. అవి నిండిన బొట్టులో ఎవరూ బాగుపడరు. బొట్లు వేరువేరు కాబట్టి మిగతావి బతికాయి. ఆతిథ్యమిచ్చేవి తప్పించుకోవడం నేర్చాయి, పరాన్నజీవులు దానికీ విరుగుడు కనిపెట్టాయి. ఒక్క ఆర్‌ఎన్‌ఏతో మొదలైంది ఐదు వంశాలయింది. వాటిలో ఒకటైతే మిగతా అందరినీ కాపీ చేసిపెడుతోంది!

అంటే కొత్తదనాన్ని తెచ్చింది పోటీలో ఫస్టు వచ్చినవాడు కాదు, ఉచితంగా తిన్నవాడు. ఈ మాట మన టెక్స్ట్‌బుక్కుల్లో ఇంకా గట్టిగా రాయాలని నా అభిప్రాయం.

అలాగని ల్యాబ్‌లో ప్రాణం పుట్టిందంటే ఒప్పుకోను. రైబోజోములతో సహా ప్రోటీన్లు తయారుచేసే సరంజామా అంతా ఇ.కోలై బాక్టీరియా నుంచి తెచ్చిందే, ప్రతి రౌండుకీ కొత్తగా పోస్తున్నదే. పైగా ఆ ఐదూ చివరికి సర్దుకుని కూర్చున్నాయి. అంతులేని పరిణామం అనాలంటే, ఎవరూ తోయకుండా ఆరోది రావాలి. మొదటిదానికి లేని పని ఏదో అది చెయ్యాలి. నేను ఎదురుచూసేది ఆ ట్యూబు కోసమే.